పదకొండో నంబరు తీగలు

డిసెంబరు 14, ఆదివారం. జనగామ, మా ఇంటి వరండా. ఉదయం తొమ్మిదిన్నర.

హాజరైనవారు: నేను. నా భార్య, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, అంటే సగం హాజరు. మహబూబాబాద్ నుంచి పొద్దుటి రైలుకు వచ్చిన మా వియ్యంకుడు, ఆయన హార్మోనియం పెట్టె. నా ఎలక్ట్రిక్ గిటారు, ఆరు పాత తీగలతో.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. పనికి ముందు తేదీ, స్థలం, హాజరు రాయడం నాకు గనిలో అబ్బిన అలవాటు. భూపాలపల్లి బొగ్గు గనిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనుప తాళ్ళ పని చేశాను. బొగ్గు నిండిన టబ్బులను పైకి లాగే తాడును రోజూ చేత్తో తడిమి చూడాలి. తెగిన పోగులను లెక్కపెట్టాలి. పాడైన చోట కోసి మళ్ళీ అల్లాలి. చివరికి చూసినదంతా రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. రిటైరయ్యాక తాడు అక్కడే ఉండిపోయింది. రిజిస్టరు మాత్రం డైరీగా మారి నా వెంట జనగామకు వచ్చింది.

గిటారు మా అబ్బాయిది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సరదాపడి కొన్నాడు. చెల్పూరు కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చి భూపాలపల్లిలో కాపురం పెట్టేటప్పుడు దాన్ని జనగామ ఇంట్లో మా బీరువా మీద వదిలేసి వెళ్ళాడు. నేను రిటైరైన మూడో నెలలో ఒకరోజు దుమ్ము దులుపుతూ కిందికి దించాను. ఆరు ఇనుప తీగలు. మూడింటికి పైన సన్నటి చుట్టు కూడా ఉంది, అచ్చం మా తాడు అల్లికలాగే. అలవాటు కొద్దీ వేలితో తడిమి చూశాను. అది మోగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను తడిమిన ఏ తాడూ నాకు బదులు పలకలేదు. ఆ రోజు మొదలుపెట్టిన వాయింపు నాలుగేళ్ళుగా సాగుతూనే ఉంది.

కష్టమంతా నా వేళ్ళతోనే. అవి ఇనుముకు అలవాటుపడ్డ వేళ్ళు. సన్నటి తీగను నేను నొక్కితే అది గిటారు మెడ మీది గడిలో నిలవదు, పక్కకు జరుగుతుంది, స్వరం కాస్త పైకి పోతుంది. ఒంటరిగా వాయించుకున్నంత కాలం ఆ సంగతి నాకు గానీ, వినీ విననట్టు వంట చేసుకునే నా భార్యకు గానీ తెలియలేదు. తెలియజేసినవాడు మా వియ్యంకుడు.

ఆయన మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం చేసి, దుకాణం కొడుకుకు అప్పగించి, ఇప్పుడు భజన మండలిలో హార్మోనియం వాయిస్తుంటాడు. ఎండు మిరపకాయను చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడుతో నాణ్యం చెప్పే మనిషి. అలాంటి చెవి ఆయనది. పిల్లల పెళ్ళైన మొదటి ఏడాది మేమిద్దరం ‘గారు’, ‘మీరు’ అనుకుంటూ మర్యాదగా ఉన్నాం. రెండో ఏడాదికి ‘బావా’, ‘నువ్వు’లోకి దిగాం. ఇప్పుడు ఒకరినొకరు ఎగతాళి చేసుకోకపోతే ఇద్దరికీ అన్నం సహించదు.

దసరా సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా మనవరాలిని నిద్రపుచ్చడానికి నా భార్య జోల పాట ఎత్తుకుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాట. వియ్యంకుడు హార్మోనియం పట్టాడు. నేను గిటారు పట్టాను. రెండో వరుస దాకా కూడా రాలేదు, పిల్ల ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"బావా, పిల్ల నా పెట్టెకు ఏడ్వలేదు. గది నీకు గూడ ఎర్కే."

"నీ మీసాలు జూసి ఏడ్సిందేమో."

"మీసాలు దానికి పుట్టినకాడి నుంచి ఎర్కే. నీ తీగనే కొత్త. నా మెట్టు ఉన్నకాడ ఉంటది. నీ తీగ నా మెట్టు దాటి పక్కింట్లకు పోతాంది."

మాటా మాటా పెరిగింది. చివరికి పందెం దాకా వచ్చింది. డిసెంబరు 15, సోమవారం, భూపాలపల్లిలో మనవరాలి మొదటి పుట్టినరోజు. అక్కడ ఇదే జోల పాట మళ్ళీ ముగ్గురం కలిసి వినిపించాలి. నా స్వరం పక్కకు జరిగితే గిటారును పెట్టెలో పెట్టేసి, ఇక జన్మలో ముట్టకుండా, ఆయన భజన మండలిలో తాళాలు పట్టుకుని కూర్చోవాలి. నిలబడితే ఆయనే తాళాలు పట్టుకుంటాడు. తీర్పు మా కోడలిది. ఆమె ఆయనకు కూతురు, నాకు కోడలు, కాబట్టి ఇద్దరికీ సమానమే. పైగా ఆమె ఫోనులో స్వరం సరిగ్గా ఉంటే పచ్చగా, తప్పితే ఎర్రగా వెలిగే సాధనం ఒకటి ఉంది. దానికి చుట్టరికాలు లేవు.

తాళాలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ తాళాలు ఎవరి చేతిలోనైనా మోగుతాయి. నా చేతులు తడిమితే బదులు పలికింది ఈ గిటారు ఒక్కటే. దాన్ని మళ్ళీ బీరువా మీదికి ఎక్కించడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

జనగామకు వచ్చి, అదే సాధనాన్ని నా ఫోనులోనూ పెట్టించుకుని పరిశీలన మొదలుపెట్టాను. ఏ తీగను ఏ గడిలో నొక్కితే అందులోని ముల్లు ఎంత జరుగుతోందో పదిహేడు రోజులు డైరీలో పట్టిక రాశాను. ప్రతి గడిలోనూ పైకే. అబ్బాయికి ఫోను చేసి పట్టిక మొత్తం చదివి వినిపించాను. వాడు ఓపికగా విన్నాడు.

"బాపూ, గంత గట్టిగ ఒత్తకు. పువ్వును పట్టుకున్నట్టు పట్టుకో."

వారం రోజులు పువ్వును పట్టుకున్నట్టే పట్టుకున్నాను. అసలు మోగనే లేదు. మళ్ళీ ఫోను చేశాను.

"అయితే ఇగ నీ చెయ్యి మారదు తీ. తీగనే మార్చు. నీ గిటారుకున్నయి తొమ్మిదో నంబరుయి, బగ్గ సన్నయి. పదకొండో నంబరుయి ఎయ్యి. లావుంటయి, బిర్రుగుంటయి, నువ్వు ఎంత ఒత్తినా జల్ది జరగయి."

ఈ మాట నాకు వెంటనే అర్థమైంది. బరువుకు తగిన తాడు వేయడమే కదా. గనిలో నేను ఏనాడూ బొగ్గును తేలికగా ఉండమని బతిమాలలేదు. హనుమకొండకు వెళ్ళి పదకొండో నంబరు తీగల పొట్లం తెచ్చుకున్నాను. ఉన్నది ఒక్కటే పొట్లం. మళ్ళీ ఎప్పుడు వస్తుందో దుకాణంవాడు చెప్పలేకపోయాడు. వేళ్ళ చర్మం గట్టిపడే దాకా ఆగుదామని, ప్రయాణం రోజు దాకా పొట్లం విప్పలేదు. గట్టిపడిన చర్మాన్ని ఇంకేం గట్టిపరచాలనుకున్నానో ఆ పేజీలో రాసి లేదు.

అలా వచ్చింది ఆ ఆదివారం. మధ్యాహ్నం బస్సుకు ముగ్గురం కలిసి భూపాలపల్లి పోవాలి. వియ్యంకుడు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"నేను సాక్షిని. నువ్వు తీగలల్ల ఏం మాయ కలుపుతవో సూడాలె గద."

నేను పాత చీర పరిచి, దాని మీద గిటారును వెల్లకిలా పడుకోబెట్టి, పనిముట్లను వరుసగా పెట్టాను. గనిలో తాడు మార్చేటప్పుడు రెండు నియమాలు. ఒకటి, తీసేసిన తాడును అక్కడికక్కడే ముక్కలు చేయాలి. లేకపోతే అవసరానికి ఎవరో ఒకరు మళ్ళీ వాడతారు, ప్రాణాల మీదికి వస్తుంది. రెండు, కొత్త తాడు ఎక్కించే ముందు కొస నుంచి ఒక ముక్క కోసి నమూనాగా భద్రపరచాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ రెండింటిలో ఒక్కటి కూడా నేను తప్పలేదు.

అందుకని పాత తీగలు ఆరింటినీ విప్పి, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేశాను. కొత్త పొట్లం విప్పి, ఒక్కో తీగ కొస నుంచి ఐదంగుళాలు కోసి, డైరీలో వరుసగా అంటించి, పక్కన నంబరు వేశాను. చూడడానికి పేజీ ఎంతో ముచ్చటగా ఉంది.

"ఏంది బావా, తీగలకు పంచనామనా?"

"నమూనా. రేపు ఏదన్న తెగితే ఎందుకు తెగిందో తెలువాలె గద."

"మా మిర్చి యార్డుల గూడ నమూనా తీస్తరు. గని బస్తా నిండ కాయ ఉంటది కాబట్టి తీస్తరు."

ఈ మాటను నేను అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది. పట్టించుకోలేదు. అన్నిటికన్నా లావైన ఆరో తీగతో మొదలుపెట్టాను. అది మెడ చివర తీగను బిగించే బిరడకు హాయిగా మూడు చుట్లు చుట్టుకుంది. ఐదోది, నాలుగోది కూడా బాగానే ఎక్కాయి. ఇక్కడ గిటారు గురించి ఒక మాట చెప్పాలి. తీగలన్నీ ఒకే పొడవుతో వస్తాయి గానీ దీని బిరడలన్నీ ఒకే దూరంలో ఉండవు. లావు తీగ బిరడ దగ్గర, సన్న తీగ బిరడ అన్నిటికన్నా దూరం. మూడోది సరిపోయింది. రెండోదానికి చుట్టు ఒక్కటే పడింది. మొదటి తీగ, అన్నిటికన్నా సన్నది, బిరడ అంచు దాకా వెళ్ళి, దానికి తగిలీ తగలకుండా ఆగిపోయింది. లాగాను. వేడి చేసి లాగాను. ఇనుము సాగుతుందా?

తీగ కొస పట్టుకుని బిరడ వైపు ఒకసారి, డైరీ వైపు ఒకసారి చూశాను.

"పాతది ఎయ్యరాదు?" అన్నాడు వియ్యంకుడు, నాలుగు ముక్కల వైపు చూస్తూ. తెలిసే అన్నాడు.

నా భార్య చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. గిటారును, డైరీని, నన్ను ఆ వరుసలోనే చూసింది.

"ఏందయ్యా, జాకెట్టు గుడ్డ గూడ మనిషిని కొలిచినంకనే కోస్తరు. నువ్వేమో కోసి పుస్తకానికి తొడిగినవ్."

హనుమకొండ దుకాణానికి ఫోను చేశాను. ఆదివారం కావడంతో ఎవరూ ఎత్తలేదు. వియ్యంకుడు చేతిసంచిలో నుంచి ఒక తువ్వాలు మూట తీసి, నా ముందు పెట్టి, నెమ్మదిగా విప్పాడు. ఇత్తడి తాళాలు. తోమి తెచ్చాడు, ముఖం కనిపించేలా ఉన్నాయి.

"ఇప్పుడే పట్టుకుంటవా, రేపటిదాంక ఆగుతవా?"

"రేపు తొమ్మిది గంటలకు. మాట అంటే మాటే."

అని గిటారును మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పుడే మరో సంగతి బయటపడింది. కొత్త తీగల బిగువుకు, అవి ఆనుకునే ఇనుప పలక వెనక నుంచి పైకి లేచింది. అబ్బాయిని అడిగితే, గిటారు వెనక మూత కింద స్ప్రింగులుంటాయని, వాటిని బిగిస్తే పలక దిగుతుందని చెప్పాడు. మూత విప్పి చూశాక నాకు కాస్త ప్రాణం లేచి వచ్చింది. ముందు నుంచి తీగలు లాగుతుంటే వెనక నుంచి స్ప్రింగులు లాగుతున్నాయి, ఎదురు బరువు కట్టినట్టు. ఇది నాకు తెలిసిన విద్య. మరను అర చుట్టు బిగించడం, ఐదు తీగలనూ శ్రుతి చేయడం, చూడడం, మళ్ళీ అర చుట్టు. ఏడో విడతకు పలక సమంగా కూర్చుంది. పన్నెండు నలభైకి, ఉన్న ఐదు తీగలూ ఎంత గట్టిగా నొక్కినా గడిలోనే నిలబడ్డాయి. ఫోను పచ్చగా వెలిగింది. కావాలని ఇంకా గట్టిగా నొక్కాను. పచ్చగానే ఉంది. వియ్యంకుడు మెడ చాచి చూసి మంచినీళ్ళు అడిగాడు.

చిక్కు ఒక్కటే. జోల పాటను నేను రెండు నెలలు సాధన చేసింది మొదటి తీగ మీద, రెండో తీగ మీద. ఇప్పుడు మొదటి తీగే లేదు. మెడ మీద పై గడుల్లోకి వెళ్ళి వాయించే విద్య నాకు రాదు. ఐదో గడి దాటితే నాకు అది పరాయి ఊరే.

హనుమకొండలో బస్సు మారాక, పరకాల దాటుతుండగా ఉపాయం తోచింది. పాటనంతా ఒక తీగ పక్కకు దించితే? మొదటి తీగ మీది స్వరాలు రెండోదాని మీద, రెండోదాని మీదివి మూడోదాని మీద. డైరీ తీసి పట్టిక గీశాను. మూడో తీగ దగ్గర మాత్రం వేలు ఒక గడి వెనక్కి జరగాలి. పాట మొత్తం కాస్త కింది శ్రుతికి దిగుతుంది, మిగతాదంతా మామూలే. గిటారు ఒళ్ళో పెట్టుకుని అక్కడే మొదలుపెట్టాను. స్పీకరు డబ్బాకు తగిలించకపోతే ఎలక్ట్రిక్ గిటారు దోమంత చప్పుడు కూడా చేయదు. టికెట్లు కొట్టే కండక్టరు ఆగి చూశాడు.

"పెద్దాయినా, చెయ్యి ఆడతాంది గని గది మోగదేంది?"

"రేపు మోగుతది బిడ్డా."

"జర రేపే మోగనియ్యి, ఇయ్యాల బస్సుల జనం మస్తున్నరు."

పక్క సీటులో వియ్యంకుడు కిటికీ వైపు తిరిగి నవ్వడం నాకు కనిపించింది.

సాయంత్రం టీ తాగుతూ కోడలికి, వియ్యంకుడికి అంతా చెప్పేశాను. దాచి గెలవడం నాకు చేతకాదు. తీగలు ఐదే అని, పాట దించి ఎత్తుకుంటానని చెప్పాను.

"నాకు పచ్చలైటే ముఖ్యం మామయ్యా. ఐదు తీగలైనా, ఒక్క తీగైనా." కోడలు తండ్రి వైపు తిరిగింది. "నాయినా, నీకేమన్న ఇబ్బందా?"

"నాకేంది బిడ్డా? నలభై ఏండ్ల పెట్టె. ఎక్కడికెల్లి మొదలువెట్టినా వాయిస్త."

"జర ఒక్కపారి సూసుకోరాదే?"

"సూసుకునుడు మీ మామయ్యకు గావాలె."

ఆయన చూసుకోలేదు. నేను వంటింటి అరుగు మీద కూర్చుని, అన్నానికి పిలిచే దాకా మూడో తీగ మీది ఆ ఒక్క గడిని చూసుకుంటూనే ఉన్నాను.

డిసెంబరు 15, సోమవారం. భూపాలపల్లి, అబ్బాయి క్వార్టరు ముందు గది. ఉదయం తొమ్మిది.

అబ్బాయి రాత్రి షిఫ్టు దిగి వచ్చి, కళ్ళు నులుముకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోడలు ఫోను పట్టుకుని స్పీకరు డబ్బా పక్కన నిలబడింది. కొత్త గౌను తొడిగిన మనవరాలు చాప మధ్యలో కూర్చుని మమ్మల్ని అనుమానంగా చూస్తోంది. దసరా సంగతి మర్చిపోయినట్టు లేదు.

నేను మొదటి స్వరం మీటాను. నా భార్య అందుకుంది. వియ్యంకుడు తిత్తి ఊది మెట్ల మీద వేళ్ళు పెట్టాడు.

మొదటి వరుస కలిసింది. రెండో వరుసలో ఆయన వేలు ఒకటి దారి తప్పి వెంటనే తిరిగి వచ్చింది. మూడో వరుసలో పాట మలుపు తిరుగుతుంది. అక్కడ ఆయన చెయ్యి, నలభై ఏళ్ళుగా తనకు తెలిసిన నల్లమెట్టు మీదికి దానంతట అదే వెళ్ళిపోయింది. పాట అక్కడ లేదు. వెనక్కి వచ్చాడు. అక్కడా లేదు. ఆయన చెవి అంత గొప్పది గనుకనే, తప్పు మాకంటే ముందు ఆయనకే వినిపించింది. నేను కోడలి చేతిలోని ఫోను వైపు చూశాను. ముల్లు నా స్వరం మీద పచ్చగా నిలబడి ఉంది. చూస్తూ చూస్తూ మూడో తీగ మీది గడి దాదాపు మర్చిపోయి, ఆఖరు క్షణంలో వేలు వెనక్కి లాగాను.

నా భార్య మాత్రం ఆగలేదు. ఆమె గొంతు ఇంత నింపాదిగా, ఇంత నిండుగా ఉండడం నేను విని ఎన్నాళ్ళైందో. ఐదో వరుసకు వియ్యంకుడు తిత్తి మూసేశాడు. పెట్టెను పక్కకు జరిపి, సంచిలోని తువ్వాలు విప్పి, తాళాలు తీసి, చప్పుడు చేయకుండా వేళ్ళకు తగిలించుకుని, ఆరో వరుస నుంచి తాళం అందుకున్నాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

పాట అయిపోయాక కోడలు ఫోను దించింది.

"నాయినా, పచ్చనే."

"నేను సూడకముందే పట్టిన గదనే," అన్నాడాయన తాళాలు ఎత్తి చూపిస్తూ. తర్వాత నా భార్య వైపు తిరిగాడు. "గని చెల్లె, ఇయ్యాల నీ గొంతు ఏంది, గింత మంచిగున్నది?"

"కిందికి దించిన్రు గదన్నా. మీ పెట్టె ఎత్తుకు పాడాల్నంటే నాకు గొంతు చీరుకుపోతది. ముందే చెప్తే మీరు బాధపడ్తరని ఊకున్న."

ఆయన పక్కకు జరిపిన పెట్టె వైపు చూశాడు. నేను నాలుగేళ్ళుగా తీగలు మీటి, రెండు నెలలుగా వాటి గురించి పట్టికలు రాసినవాణ్ణి, ఇంట్లోనే ఉన్న గొంతు గురించి ఒక్క వరుస రాసుకోలేదు.

"ఇగ నుంచి నువ్వు ఎక్కడికెల్లి ఎత్తుకుంటే అక్కడికెల్లి నేర్చుకుంట చెల్లె. ఈ వయసుల కొత్త మెట్లు," అన్నాడు ఆయన. నేను గెలిచినవాడి ఠీవితో గిటారును ఒళ్ళో సర్దుకున్నాను, ఎవరైనా ఇంకోసారి వాయించమంటారేమోనని.

ఎవరూ అనలేదు. మనవరాలు చాప మీద నుంచి పాకడం మొదలుపెట్టింది. జోల పాట విన్నా కళ్ళలో నిద్ర మత్తేమీ లేదు. నా దగ్గరకే వస్తోందనుకుని చెయ్యి చాచాను. గిటారు తీగల వైపు చూడనైనా చూడకుండా, నా మోకాలు చుట్టి వెళ్ళి, వియ్యంకుడి చేతిలో మెరిసే తాళాలను రెండు చేతులతో పట్టుకుని కేరింత కొట్టింది. ఆయన పిల్లను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా వైపు చూశాడు.

"సూడు బావా, పందెం గెలిచినోనివి, నువ్వు గిటారు పట్టుకో. ఓడిపోయినోన్ని, నేను పిల్లను పట్టుకుంట."